కోతల బాబాయి గొంతు

ఆయన గొంతు పోయింది ఒక ఆదివారం పొద్దున. నిద్ర లేచి, మొహం కడుక్కుని, టీ అడగబోతే నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. భార్య వంటింట్లోంచి తొంగిచూసి, "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా మాట వినబడే రోజొచ్చింది" అంది. అన్నదే గానీ, మరుక్షణం గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు కలిపి తెచ్చింది.

బజారులో స్టీలు సామాన్ల కొట్టు మెట్ల పక్కన బల్ల వేసుకుని, కూరగాయలు తరిగే కట్టర్లు అమ్మడం ఆయన పని. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. బజారంతా ఆయన్ని కోతల బాబాయి అంటారు. చేత్తో కోసేవి కొన్ని, నోటితో కోసేవి కొన్ని అని నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. అమ్మకం బాగున్న రోజు పెద్దగా కోయక్కర్లేదు. ఎవరూ కొనని రోజునే మళ్ళీ మళ్ళీ కోసి చూపించాలి. ఆ ముక్కలన్నీ సాయంత్రం సంచిలో ఇంటికొస్తాయి. అందుకని ఆ ఇంట్లో బేరం లేని రోజే కూర ఎక్కువ. కూతురు చిన్నప్పుడు కంచంలో పువ్వుల్లాంటి ముక్కలు చూసి, కేరట్లు పండటమే అలా పండుతాయనుకునేది.

ఆ కూతురు ఇప్పుడు టీచరు. బళ్ళో చేరి ఇంకా ఏడాది నిండలేదు. మూడో తరగతి ఇచ్చారు. పిల్లలు మంచివాళ్ళే, కానీ ఒక్కరూ ఆమె వైపు చూడరు. కిటికీ వైపు చూస్తారు, పక్కవాడి పెన్సిలు వైపు చూస్తారు. ఆమె గొంతు పెంచేది. వాళ్ళూ పెంచేవాళ్ళు. పక్క గదిలో లెక్కల మాస్టారు గోడ మీద కొట్టేవాడు. శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, "సోమవారం మీ క్లాసులో వెనక కూర్చుంటానమ్మా. ఆ తర్వాత మాట్లాడుకుందాం" అంది. ఏం మాట్లాడుకుంటారో ఆమెకు తెలుసు. అంతకుముందు ఆ క్లాసుకు టీచరుగా ఉన్నావిడ కూడా అలాంటి మాట తర్వాతే వెళ్ళిపోయింది.

"నేనొస్తా నాన్నా. నువ్వు కోయి, నేను మాట్లాడతా" అందామె చెప్పులేసుకుంటూ. ఇంట్లో కూర్చుంటే సోమవారం గురించే ఆలోచించాలి.

బల్ల వెనక నిలబడి ఆమె మొదలుపెట్టింది. "రండమ్మా రండి! ఒకటే కట్టరు, అయిదు బ్లేడ్లు! కేరట్టు, కీరా, బంగాళాదుంప, ఏదైనా సరే!" వెళ్ళేవాళ్ళు ఒకసారి తలతిప్పి చూసి, నడక ఆపకుండానే వెళ్ళిపోయారు. ఆమె ఇంకా గట్టిగా అరిచింది.

పక్కన ప్లాస్టిక్ బకెట్లు అమ్మే ఆవిడ కోతల బాబాయిని అన్నయ్యా అంటుంది. ఆ వరసన ఈమెకు అత్త. "కోడలా, కాస్త తగ్గవే! నీ కేకలకి నా బకెట్లు బోర్లా పడుతున్నాయి" అంది.

ఆయన కూతురి మణికట్టు మీద వేలు పెట్టాడు. ఆమె ఆగింది. ఆయన చెవి దగ్గరగా వంగి, ఉన్న కాస్త గాలితో అన్నాడు. "అరవకు తల్లీ. అరిస్తే వాళ్ళకి అక్కడికే వినబడుతుంది. ఇంక దగ్గరికి ఎందుకొస్తారు?"

తర్వాత ఆయన బల్ల మీద ఉన్నవన్నీ తీసి కింద పెట్టేశాడు. ఖాళీ బల్ల మధ్యలో ఒక్క బంగాళాదుంప పెట్టాడు. భుజం మీది గుడ్డతో బ్లేడు తుడిచాడు, తొందర లేకుండా, చంటిబిడ్డ మూతి తుడిచినట్టు. ఎవరి వైపూ చూడలేదు. దుంపను బ్లేడు మీద ఒక్కసారి జరిపాడు. పల్చటి ముక్క ఒకటి రాలింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టి వెలుతురుకెత్తాడు. అందులోంచి అవతలి మెట్లు కనబడ్డాయి. రెండో ముక్క కోయబోతూ సగంలో చెయ్యి ఆపేశాడు.

మెట్లు దిగుతున్న ఒకావిడ ఆగింది. ఆయన చెయ్యి కదల్లేదు. ఆవిడ ఇంకో మెట్టు దిగింది. ఆవిడ ఏం చూస్తోందా అని వెనక ఇంకొకాయన ఆగాడు. "ఏమైందండీ?" అంది ఆవిడ. అప్పుడు ఆయన దుంపను అడ్డం తిప్పి లాగాడు. ముక్క వలలాగా, సన్నటి చిల్లులతో వచ్చింది. "అబ్బ!" అన్నారెవరో. ఆయన కట్టరును ఆవిడ వైపు తిప్పి, పిడి ఆవిడ చేతికిచ్చాడు. మొదటి ముక్క వంకరగా వచ్చింది. రెండోది బాగానే వచ్చింది. ఆవిడ మొహం చూస్తే ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం బోర్లించిన బకెట్ల మీద చెక్క వేసి అన్నం తిన్నారు.

"నీకేం నాన్నా" అందామె. "నీ జనం కాసేపు చూసి పోతారు. నా పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటారు. అంతసేపు ఎలా ఆపను?"

ఆయన ముద్ద మింగి, ఆ గాలి గొంతుతోనే అన్నాడు. "తెలీదమ్మా. నా దగ్గర ఎవరూ అంతసేపు ఉండలేదు." నీళ్ళు తాగి, మళ్ళీ అన్నాడు. "కట్టరు నా చేతిలో ఉన్నంతసేపు నా వేళ్ళు చూస్తారు. వాళ్ళ చేతికిచ్చాక నన్ను చూడరు. చూడనక్కర్లేదు కూడా. నేను లేకపోయినా ఇంటికెళ్ళి కోసుకుంటారు."

"ఓహో, అన్నయ్య పాఠం మొదలెట్టాడు! నోరు పోయిన రోజే ఇంతసేపు మాట్లాడాలా?" అంది బకెట్ల అత్త. "తిను, తిను. చల్లారిపోతోంది."

ఆ రాత్రి కూతురు గుప్పెడు చిక్కుడు గింజలు నానబోసి పడుకుంది.

సోమవారం కూడా ఆయనకు గొంతు రాలేదు. మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని బయల్దేరుతుంటే, ఈ ఒక్క రోజూ ఇంట్లో ఉండమని తల్లీకూతుళ్ళిద్దరూ చెప్పారు. ఆయన రెండు చేతులూ ఎత్తి, ఇవి ఉన్నాయిగా అన్నట్టు ఆడించి చూపించాడు. వీధి మలుపు దాకా కూతురితో నడిచాడు. అక్కడ ఆమె నెత్తిన చెయ్యి వేసి, బజారు వైపు తిరిగాడు.

హెడ్‌మిస్ట్రెస్ చివరి వరస వెనక కుర్చీ వేయించుకుని, కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. గది ఎప్పట్లాగే గోలగోలగా ఉంది. కూతురు గొంతు పెంచలేదు. బల్ల మీద పుస్తకాలన్నీ తీసి కింద పెట్టింది. మధ్యలో తెల్లటి సాసరు, సాసరులో ఒక్క గింజ. గింజ మీది తొక్క మెల్లగా ఒలిచింది. గోటితో చీల్చబోతూ ఆగింది. "ఇందులో ఒకరు పడుకున్నారు" అంది, తనకు తాను చెప్పుకున్నంత చిన్నగా. "లేస్తారేమో, చూడాలి."

"ఏంటి టీచర్?" అంది మొదటి వరసలో పిల్ల. "ష్! టీచరేదో అంటున్నారు" అన్నారు వెనకవాళ్ళు. పెన్సిళ్ళు ఆగాయి. కిటికీ దగ్గరివాడు ఇటు తిరిగాడు. గింజ రెండుగా విడిపోయింది. లోపల, మూలకి ఒదిగి, తెల్లటి చిన్న మొలక. ఆమె సాసరు ఎవరికీ చూపించలేదు. తలా ఒక గింజ చేతిలో పెట్టి, "మీ దగ్గరా ఉన్నారేమో చూసుకోండి. మెల్లగా, దెబ్బ తగలకూడదు" అంది.

అంతమంది పిల్లలు ఊపిరి బిగబట్టి వంగితే ఆ గది ఎంత చిన్నదవుతుందో ఆమె మొదటిసారి చూసింది. అప్పుడే నేల మీద కుర్చీ కాళ్ళు రాసుకున్న చప్పుడైంది. వెనక నుంచి వినబడక, హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ ఎత్తుకుని మొదటి వరస పక్కకి వచ్చేసింది. వచ్చి చెయ్యి చాపి, "నాకో గింజ ఇవ్వమ్మా" అంది.

బడి వదలగానే ఆమె ఇంటికి వెళ్ళలేదు. నేరుగా బజారుకు నడిచింది. ముందు గింజల సంగతి చెప్పాలా, కుర్చీ సంగతి చెప్పాలా? కుర్చీ కదిలిన చప్పుడు దాకా చెప్పి ఆపేయాలి. ఏమైందని ఆయన అడిగేదాకా చెప్పకూడదు. దారంతా తనలో తను నవ్వుకుంటూ నడిచింది.

మలుపులో బకెట్ల అత్త ఎదురొచ్చింది. వస్తూనే ఆమె చేతిలోని సంచి తీసుకుంది. అప్పుడే ఆమెకు తెలిసిపోయింది.

"బీట్‌రూట్ కోస్తున్నాడే" అంది అత్త. "చుట్టూ పదిమంది ఉన్నారు. సగం కోసి, చెయ్యి ఆపాడు. ఎప్పుడూ ఆపేదేగా! అందరూ చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు కోడలా. నేను కూడా, ఇప్పుడు తిప్పుతాడు, ఇప్పుడు తిప్పుతాడు అనే చూస్తున్నా." సంచి రెండో చేతిలోకి మార్చుకుని, "తిప్పలేదే. అలాగే పోయాడు" అంది.

ఆమె మళ్ళీ బడికి వెళ్ళేసరికి కిటికీ గట్టు మీద, పిల్లలు మట్టిలో పెట్టిన మిగతా గింజలు మొలకెత్తి, రెండేసి ఆకులు వేశాయి. ఆమె గదిలో అడుగుపెట్టగానే పిల్లలు లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. "రోజూ మానకుండా నీళ్ళు పోశాం టీచర్" అంది మొదటి వరస పిల్ల, గుసగుసగా. ఆ పిల్ల పక్కన హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ ఉన్నచోటే ఉంది. దాన్ని వెనక్కి తీసుకెళ్ళి పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఆ కుర్చీ ముందుకొచ్చిన సంగతి ఆయనకు చెప్పడం కాలేదు.