లోపలివైపు మరలు

మూడో అంతస్తు వరండాలో పదకొండో తలుపు దగ్గర ఆగి, తలుపుల మేస్త్రి పిడిని మెల్లగా కిందికి వంచాడు. గడియ టకటకమంది. లోపలి మర వదులైంది. రెండు చుట్లు బిగిస్తే సరిపోతుంది. అలవాటుగా చెయ్యి కుడి జేబులోకి వెళ్ళింది. జేబు ఎనిమిది నెలలుగా ఖాళీ.

అది స్టోర్సు ఆఫీసరు గది. కాగితం మీద ఫిర్యాదు రాకుండా ఎవరూ ఏ తలుపూ ముట్టుకోకూడదన్నది ఆయన పెట్టిన రూలే. మేస్త్రి నవ్వుకుని పన్నెండో తలుపుకి వెళ్ళిపోయాడు.

మనిషి పొట్టి. ముప్ఫై ఒక్క ఏళ్ళు సంచీ మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. గోళ్ళలో ఎప్పటిదో తెల్లరంగు. ఈ రికార్డుల ఆఫీసులో రెండు వందల ఆరు తలుపులు, కళ్ళు మూసుకున్నా చప్పుడుని బట్టి ఏది ఏదో చెబుతాడు. ఇవాళ సాయంత్రం ఐదుకి రిటైరవుతున్నాడు.

ఎనిమిది నెలల కిందట, బ్యాటరీ స్క్రూడ్రైవర్లు వచ్చిన రోజు ఆఫీసరు అందరినీ హాల్లో పోగేసి పందెం పెట్టాడు. మిషను చూడ్డానికి పిస్తోలులా ఉంటుంది, ముక్కు మీద దీపం. నొక్కితే ముందు చిన్న పాట పాడి, ఆ తర్వాత తిరుగుతుంది. కొత్త చెక్కలో మిషను ఇరవై మరలు దించేసరికి మేస్త్రి తన చేతి స్క్రూడ్రైవరుతో ఏడో మర మీద ఉన్నాడు. అదీ మణికట్టు నొప్పితో వంకరగా దిగింది.

"తాతా, నిన్నూ దాన్నీ కలిపి మ్యూజియంలో పెట్టాలయ్యా!" అన్నాడు ఆఫీసరు. అందరూ పగలబడి నవ్వారు. నవ్వనిది ఊడ్చే అక్క ఒక్కతే. ఆ సాయంత్రమే చేతి పనిముట్లన్నీ ఆఫీసరు గదిలో బీరువాకెక్కాయి. అందులో మేస్త్రికి పని నేర్పిన అన్న ఇచ్చిన స్క్రూడ్రైవరు ఉంది. విరిగిన కుర్చీ కాలు చెక్కి పిడి చేసింది ఆ అన్నే. అన్న పోయాడు. ఇద్దరి బొటనవేళ్ళూ అరగదీసిన గుంట మాత్రం పిడి మీద మిగిలింది.

మిషను పనికిరాదని మేస్త్రి ఎప్పుడూ అనలేదు. కొత్త చెక్కలో పరుగెడుతుంది, నిజమే. నొప్పి చేతికి ఆసరా కూడా. ఆఫీసరు పక్కకి పిలిచి ఆ మాటే చెప్పి చేతిలో పెట్టుంటే, దండం పెట్టి తీసుకునేవాడు. కానీ ఈ భవనంలో ఉన్నవన్నీ పాత గాడి మరలు, మీద ఏడెనిమిది పూతల రంగు. వాటి మీద పెడితే అది మర తలని నమిలి వదిలేస్తుంది.

ఇవాళ పొద్దున రాగానే వెళ్ళి అడిగాడు. "సార్, నా స్క్రూడ్రైవరు నాకిప్పించండి. ఇవాళే ఆఖరు."

"స్క్రాపు లిస్టులో ఎక్కింది తాతా. రూలు రూలే. సాయంత్రం వీడ్కోలు సభలో నీకు బహుమతి ఉందిలే."

మూడున్నరకి, సభకి బయల్దేరబోయి ఆఫీసరు తన గదిలో తానే చిక్కుకున్నాడు. పిడి వట్టిగా తిరుగుతోంది, గడియ కదలడం లేదు.

"తాతా! తలుపు తియ్యి!" కేకకి వరండాలోంచి మేస్త్రి వచ్చాడు.

"మరలు మీ వైపున్నాయి సార్. మీ బల్ల మీద మిషనుందిగా."

లోపల పాట మోగింది. వెంటనే కర్రుమని ఇనుము జారిన చప్పుడు. మళ్ళీ పాట, మళ్ళీ కర్రు. మూడోసారి పాట సాగి సాగి మధ్యలోనే ఆగిపోయింది. మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అక్క టీ తెచ్చిచ్చింది. ఆ మరలు ఎలా విప్పాలో అతనికి తెలుసు. చెప్పలేదు. ఊదుకుంటూ తాగాడు. కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు.

"చార్జింగుకి ఎంతసేపు పడుతుంది?"

"మూడు గంటలని పందెం రోజు మీరే చెప్పారు సార్."

"అయితే పగలగొట్టించు!"

"పాత టేకు సార్. పైవాళ్ళకి మీరే జవాబు చెప్పుకోవాలి."

లోపల తలుపుని భుజంతో గుద్దిన చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత గొంతు తగ్గింది. "మరేం చెయ్యను తాతా?"

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. "బీరువా తియ్యండి. చెక్క పిడిది తీసుకోండి. దాని మొన మూలతో ముందు మర తల మీది గాడిలో రంగు గీకండి. అరచేత్తో గట్టిగా అదమండి. వెంటనే విప్పకండి, వెంట్రుకవాసి బిగించండి. రంగు చిట్లుతుంది. అప్పుడు విప్పండి."

"విప్పడానికి బిగించడమేంటి?"

"మ్యూజియం విద్య సార్."

నాలుగు మరలకి యాభై నిమిషాలు పట్టింది. తలుపు తెరుచుకునేసరికి ఐదుకి పది నిమిషాలుంది. ఎదురుచూసి చూసి సభవాళ్ళు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆఫీసరు చొక్కా తడిసి ముద్దయింది, అరచేతిలో బొబ్బ చిట్లింది. మేస్త్రి చెయ్యి చాచాడు.

"ఇది లిస్టులో..." అని ఆఫీసరు ఆగాడు. ఇచ్చేశాడు.

మేస్త్రి పిడిని చొక్కాకి రెండుసార్లు తుడిచి, గుంటలో బొటనవేలు ఆనించి చూసుకుని, కుడి జేబులో పెట్టుకున్నాడు.

"మరి ఈ గడియ?"

"కాగితం మీద రాసివ్వండి సార్. రేపటి మనిషి చూస్తాడు."

గుమాస్తా బహుమతి పెట్టె తెచ్చి చేతిలో పెట్టి వెళ్ళాడు. బరువు చూస్తేనే లోపలున్నదేమిటో తెలిసింది. దాన్ని స్టూలు మీద పెట్టాడు.

"వస్తానక్కా."

"అన్నా, ఇది మర్చిపోయావు."

"అది నాది కాదులే."

మెట్లు దిగుతుంటే రెండో అంతస్తులో ఒక తలుపు కిర్రుమంది. కాగితం లేదు, ఫిర్యాదు లేదు. నొప్పి చేత్తోనే మరలన్నీ ఒక్కొక్కటిగా బిగించి, ఊపి చూసి, కిందికి దిగి వెళ్ళిపోయాడు.

పైన అక్క ఊడవడానికి స్టూలు జరిపింది. రిబ్బనైనా విప్పని పెట్టెలో ఏదో నొక్కుకుని, ఖాళీ వరండాలో ఆ చిన్న పాట మొదలైంది.