రెండో డబ్బాలోని రేకులు

ప్రయోగశాలలో అందరూ ఆమెను నత్తమ్మ అనేవారు. ఏ పనైనా మూడుసార్లు చూసుకుంటే గాని చేతిలోంచి వదలదని ఆ పేరు.

రెండు నెలలుగా ఆమె పని ఒక్కటే. బంతి రేకుల్లోని ఔషధ సారం ఏ పద్ధతిలో ఎక్కువ దిగుతుందో తేల్చాలి. మొదటి డబ్బాలోని రేకుల్ని మూడు రోజులు స్పిరిట్‌లో నానబెట్టింది. రెండో డబ్బావి అదే స్పిరిట్‌లో ఆరు గంటలు కాచింది. మూడో డబ్బావి శబ్ద తరంగాల యంత్రంలో అరగంట ఉంచింది. కాచిన రేకుల్లోంచి దిగిన సారం తక్కిన రెండింటిలో సగమే.

"అనుకున్నదేగా! వేడి పువ్వుకు పడదు. సోమవారం నివేదిక ఇచ్చెయ్. నీ ఉద్యోగం ఖాయం చేయించే పూచీ నాది," అంది ప్రయోగశాలను నడిపే మేడం.

శుక్రవారం డబ్బాలు సర్దుతూ నత్తమ్మ ఆగిపోయింది. రెండో డబ్బాలో కాచకుండా మిగిలిన రేకులు వెలిసిన గుడ్డపేలికల్లా ఉన్నాయి. తక్కిన రెండింట్లోవి నిగనిగలాడుతున్నాయి. కాచకముందే రంగు పోయిందంటే తప్పు కాచడానిది కాదు.

పూలు ఆరబెట్టే పెద్దమ్మ దగ్గరికి డబ్బా పట్టుకెళ్లింది. పెద్దమ్మ ముఖం వాడిపోయింది.

"పూలు ఆరబెట్టిన రోజు కిటికీలోంచి జల్లు కొట్టి ఒక పళ్లెం తడిసింది తల్లీ. నీడలో ఉంచితే బూజు పడుతుందని రెండ్రోజులు డాబా మీద ఎండలో పెట్టా. నువ్వసలే కంగారు మనిషివని చెప్పలేదు. ఇప్పుడు నన్ను తీసేస్తారా?"

నత్తమ్మ డబ్బాకు మూత పెట్టి వెనక్కి తీసుకొచ్చింది. నోరు మూసుకుంటే ఉద్యోగం. నోరు తెరిస్తే ఇద్దరికీ ముప్పు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

సోమవారం నివేదికకు బదులు డబ్బా తీసుకెళ్లి మేడం బల్ల మీద పెట్టింది.

"ఎండలో ఎండిన రేకుల్ని నీడలో ఎండిన వాటితో పోల్చానండి. ఇది చెల్లదు."

"ఎవరి నిర్వాకమిది?"

"పూలు నావండీ. పళ్లేలు చూసుకోవాల్సింది నేనే."

మేడం రేకుల్ని వేళ్లతో నలిపి చూసింది. "ఉద్యోగాలు ఖాయం చేసే సమావేశం రేపే. మళ్లీ ఏడాదికి గాని రాదు, తెలుసా?"

"తెలుసండీ."

"సరే, మళ్లీ చెయ్. ఏడాది దాకా నిన్ను ఇక్కడ ఉంచుకునే దారి నేను వెతుకుతాలే. ఆ పెద్దావిడకి గట్టిగా చెప్పు, కానీ ఏడిపించకు."

పెద్దమ్మ పేరు తను ఎత్తనేలేదని నత్తమ్మకు గుమ్మం దాటాక గుర్తొచ్చింది.

మర్నాడు కొత్త పూలొచ్చాయి. ఈసారి అన్నిటినీ ఒకే గదిలో ఆరబెట్టి, కలిపి, ఆ తర్వాతే మూడు వాటాలు వేయాలనుకున్నారు. పెద్దమ్మ పీట వేసుకుని పళ్లేల పక్కనే కూర్చుంది. కిటికీ సందులోంచి సన్నటి ఎండ గీత ఒకటి నేల మీదికి పాకింది.

"వచ్చావా మహాతల్లీ, ఒకసారి చేసింది చాలదూ!" అంటూ ఆవిడ లేచి పళ్లేలు తుడిచే గుడ్డ తీసి సందులో కుక్కింది.

నత్తమ్మ నవ్వుతూ వెళ్లి ఆ సందును మూడుసార్లు చూసి వచ్చింది.