ఒకే నంబరు వెనక పదకొండు మంది

సోమవారం పొద్దున ఫోరంలో పోస్టుల క్యూ తెరవగానే నాకు అనుమానం కొట్టింది.

మా ఫోరం పుట్టిందే ఒక్క పని కోసం. ఊళ్లో నెట్ కనెక్షన్లు నడిపేవాళ్లనీ వాడేవాళ్లనీ కొత్త ఇంటర్నెట్ నంబర్లకు మారమని నచ్చజెప్పడం. ఇంటికి డోర్ నంబరు ఉన్నట్టే నెట్ కనెక్షన్‌కీ ఓ నంబరు ఉంటుంది. పాత నంబర్లు ఎప్పుడో అయిపోయాయి. కొత్తవి ఇంటికి వెయ్యి పంచినా తరగవు. అయినా ఎవడూ కదలడు. నాలుగేళ్లు అరిచాను. చివరికి ఊరి నెట్ సంఘం దిగొచ్చింది: ఒకటో తారీఖు నుంచి పాత నంబర్లు బంద్. అభ్యంతరాలుంటే గురువారం సాయంత్రం ఐదింటిలోగా మా ఫోరంలో రాయాలి. అక్కడ కనిపించిందే సంఘం వింటుంది. కనిపించనిది లేనట్టే.

కనిపించాలో వద్దో తేల్చేది మేము. కొత్తగా చేరినవాళ్ల మొదటి మూడు పోస్టులూ మోడరేటర్ చదివి వదిలేదాకా క్యూలోనే ఉంటాయి. మోడరేటర్లం ఇద్దరం, నేనూ మా మరిదీ. నాకు నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఉద్యోగం. మరిదికి నోరే ఉద్యోగం.

ఆ పొద్దున క్యూలో పదకొండు కొత్త ఖాతాలు. రెండు రోజుల్లో పుట్టినవి. అందరిదీ ఒకటే పాట: మా నెట్ డబ్బాలు, అదే రౌటర్లు, పాతవి, కొత్త నంబర్లు వాటికి ఎక్కవు, డబ్బాలు మార్చేదాకా పాత నంబర్లు ఆపొద్దు, ఆపితే మా నెట్ పోతుంది. ఒకరికి కుట్టుపని ఆర్డర్లట, ఒకరికి ట్యూషన్లట, ఒకరికి కంటి డాక్టరుతో మాట్లాడాలట. డబ్బా మోడల్ మాత్రం అందరిదీ ఒకటే. ఎక్కడి నుంచి రాశారో చూశాను. పదకొండూ ఒకే నెట్ నంబరు నుంచి వచ్చాయి.

"చూశావా వదినా," మరిది నా భుజం మీదుగా తొంగి చూశాడు. "ఒక్కడే. పదకొండు వేషాలు."

"ఎవడంటావు?"

"గోడౌన్లో పాత డబ్బాలు పేరుకుపోయినవాడెవడో. ఈ ఖాతా పేరు చూడు, తాతయ్యట! ఇంకాసేపైతే చేయి పట్టుకుని రోడ్డు దాటించమంటాడు."

"ట్యూషన్ల పిల్ల రాసింది మాత్రం నిజంలా ఉంది."

"నిజంలా లేకపోతే అబద్ధాన్ని ఎవరు నమ్ముతారు వదినా?"

నాకూ అదే సబబనిపించింది. అసలు సంగతి చెప్పాలంటే, అలాగే ఉండాలని కోరుకున్నాను. పదకొండు మంది మనుషులు అడ్డం పడితే జవాబు చెప్పుకోవాలి. ఒక్క దొంగ అడ్డం పడితే గెంటేస్తే చాలు.

పదకొండు ఖాతాలూ మూసేశాను. అందరికీ ఒకే నోటీసు కొట్టాను: "ఈ మాటల వెనక నిజంగా ఎవరున్నారు? తేలేదాకా ఆపాను." పైన అందరికీ కనిపించేలా ఇంకోటి: "పదకొండు ముసుగులూ ఒక్కడివే. పీకేశాం." చప్పట్ల బొమ్మలు వరసపెట్టి పడ్డాయి. వాటిని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను కూడా.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసు కౌంటరు దగ్గరికి ఒకావిడ వచ్చింది. మెడలో కొలత టేపు, చీరకి అంటుకున్న దారప్పోగులు. సంచీలోంచి నెట్ డబ్బా తీసి నా ముందు ఠక్కున పెట్టింది.

"ముసుగులు పీకే అమ్మాయివి నువ్వేనా?"

"నేనే. మీరెవరు?"

"మూడో ముసుగుని."

ఆవిడ వెనక లైన్లో నిలబడ్డవాళ్లు కిసుక్కున నవ్వారు.

"టైలర్ని. ఏడేళ్లుగా ఈ డబ్బా మీదే నా ఆర్డర్లన్నీ. కావాలంటే గిల్లి చూసుకో, మనిషినో కాదో."

గిల్లలేదు గానీ నమ్మనూ లేదు. పదకొండు ఖాతాలు తెరిచినవాడికి ఒక మనిషిని పంపడం ఓ లెక్కా?

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"నా కాళ్లు."

"మరి అన్ని పోస్టులూ ఒకే చోటి నుంచి ఎలా వచ్చాయి?"

"ఒకే చోట ఉంటాం గనక. దాన్ని వీధి అంటారమ్మా. పద, చూద్దువు గాని."

పర్మిషన్ పెట్టి వెళ్లాను. దారంతా ఆవిడ ఫోన్ చేసి ఎవరికైనా చెప్తుందేమోనని ఓ కన్ను వేసే ఉంచాను. ఇరుకు వీధి. చివర స్తంభానికి తుప్పు పట్టిన ఇనప పెట్టె. కేబులాయన్ని పిలిచి తెరిపించింది. లోపలికి ఒక లావు వైరు వచ్చింది, బయటికి పదకొండు సన్న వైర్లు పోయాయి.

"నంబర్లు దొరక్కపోతే ఏం చెయ్యను మేడమ్," అన్నాడు కేబులాయన. "ఒక్కటిచ్చారు. వీధి మొత్తాన్ని దాని వెనకే నిలబెట్టాను."

ఆ మాట నాదే. ఫోరం నెత్తిన నేను అంటించిన వ్యాసంలో ఉంది: "నంబర్లు చాలక వీధులకు వీధుల్ని ఒకే నంబరు వెనక నిలబెడుతున్నారు, అందుకే మారాలి." నాలుగేళ్లు ఎవరి కోసం అరిచానో వాళ్లే వచ్చి తలుపు కొడితే దొంగలన్నాను.

మూల ఇంట్లోంచి నల్లద్దాల ముసలాయన తడుముకుంటూ వచ్చాడు. "నేను ఐదో ముసుగునమ్మా. తాతయ్యని. కంటి ఆపరేషనైంది, అందుకే డాక్టరుకి రోజూ వీడియోలో కన్ను చూపించాలి."

"మీరంతా కొత్త నంబర్లు వద్దంటున్నారా?" అన్నాను నీరసంగా.

"వద్దని ఎవరన్నారు?" టైలరమ్మ గొంతు లేచింది. "డబ్బా మార్చేదాకా పాతది ఆపొద్దన్నాం. రాసింది చదవకుండా రాసినవాళ్ల పుట్టుక వెతికావు నువ్వు. రేపు ఐదింటిదాకా ఆ క్యూ నేను చూస్తాను. నీ మీద నాకు నమ్మకం లేదు."

ఇచ్చాను. అక్కడే నిలబడి ఫోన్లోనే ఆవిణ్ణి మోడరేటర్ని చేశాను. నన్నూ మరిదినీ కొత్తగా చేరినవాళ్ల కింద మార్చేశాను. పది నిమిషాల్లో పదకొండు పోస్టులూ పైకొచ్చాయి.

ఇంటికొచ్చి జరిగింది చెప్పి, ఫోరంలో క్షమాపణ రాస్తానంటే మరిది తల పట్టుకున్నాడు. "పోస్టులు కనిపిస్తున్నాయిగా, చాలదా? క్షమాపణ ఎందుకు? నువ్వే ఇలా తప్పు ఒప్పుకుంటే సంఘం ఒకటో తారీఖుని వాయిదా వేస్తుంది. నాలుగేళ్లు వదినా!"

"అసలు నువ్వు ఎవరి తరఫురా?"

"నీ తరఫే. అదే నా ఖర్మ." అని తనే రాసిచ్చాడు: "సాంకేతిక కారణాల వల్ల కొన్ని ఖాతాలు తాత్కాలికంగా నిలిచిపోయాయి. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

సిగ్గు లేకుండా అదే పంపాను.

గురువారం పదకొండింటికి అది వెనక్కొచ్చింది. కింద టైలరమ్మ నోటీసు: "ఈ మాటల వెనక నిజంగా ఎవరున్నారు? తేలేదాకా ఆపాను."

మరిది నవ్వబోయి నా మొహం చూసి మానేశాడు. వాడి వాక్యాలు కొట్టేసి నేను రాశాను: "పదకొండు మంది మాట్లాడితే ఒక్కడని చెప్పి నోళ్లు మూయించింది నేను. నంబరు చూశాను, రాసింది చదవలేదు. వాళ్లడిగింది న్యాయం. ప్రతి ఇంటి డబ్బా మారేదాకా పాత నంబర్లు ఆపొద్దని సంఘాన్ని నేనూ అడుగుతున్నాను. ఒకటో తారీఖు పోతే పోనీ."

క్యూలో పడింది. మూడైంది, నాలుగైంది. ఆవిడ కావాలనే ఐదు దాటిస్తుందేమో అనుకున్నాను. నాలుగూ యాభైకి వదిలింది.

కింద మొదటి జవాబు తాతయ్యది: "ఈ అమ్మాయి మనిషేనని మా వీధి నమ్ముతోంది. ప్రస్తుతానికి."