ఒక్కసారి ఊదితే ఆగాలి

నేను ఒక ఇత్తడి విజిల్‌ని. నా భయమేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే కడుపులో గుండు ఆడుతూనే ఉంటుంది. నన్ను ఊదిన రోజున ఎవరూ రాకపోతే? ఇంటి దగ్గర పసిపిల్ల లేచి అమ్మ కోసం వెతుక్కుంటుంటే, ఆ అమ్మ ఎక్కడో వాగులో పడి నన్ను ఊదుతూ ఉంటే, విన్నవాళ్ళు కూడా మనకెందుకులే అనుకుంటే? అంతకంటే పెద్ద భయం నాకు లేదు.

నేను హైదరాబాదులో ఒక ఇరుకు సందులో పుట్టాను. కాల్చారు, కొట్టారు, ఆకురాయితో గీకారు. చివరికి కడుపులో చిన్న బెండు గుండు పెట్టి మూతి నొక్కారు. ఆ గుండు కదిలితేనే నాకు గొంతు. మనుషులేమో కడుపులోది కదలకుండా దాచుకుంటే మర్యాద అంటారు. వాళ్ళ తయారీ వేరేమో.

బస్సు డిపోలో నన్ను అనంతయ్య అనే కండక్టరు చేతికి ఇచ్చారు. తాండూరు పల్లెల రూటు ఆయనది. ఒక్కసారి ఊదితే బస్సు ఆగాలి, దాన్ని ఆయన 'హోల్డాన్' అనేవాడు. రెండుసార్లు ఊదితే కదలాలి, అది 'రైట్ రైట్'. అంత పెద్ద బస్సు నా మాట వింటుంటే నాకు కొంచెం పొగరెక్కిన మాట నిజమే. దూరం నుంచి చేతులూపుతూ ఆపండి ఆపండి అని మొత్తుకున్న మనిషే, ఎక్కి కూర్చోగానే "ఇంక కదలదేంది బస్సు?" అని విసుక్కునేవాడు. ఒకసారి అనంతయ్య ఫుట్‌బోర్డు మీద నుంచి నన్ను జారవిడిచాడు. మూతికి సొట్ట పడింది. అప్పటినుంచి నా కూతకు చివర్లో కొంచెం జీర. జలుబు చేసిన కోకిలలా ఉందని ఆయన నవ్వేవాడే గాని నన్ను మార్చలేదు.

ఆయన పోయాక వాళ్ళింట్లో ఆయన ఫోటో కింద మేకుకు వేలాడాను. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ ఇంటి కోడలు నవనీత. పదో తరగతి మధ్యలోనే బడి మానిన పిల్ల. బడిలో ఉన్నప్పుడు బాగా పరుగెత్తేదట. పెళ్ళయింది, పాప పుట్టింది, ఆ ముచ్చట ఎవరికీ గుర్తులేదు. ఒకనాటి పొద్దున ఆమె భర్త శ్రీశైలం బండల గనికి పోతూ టిఫిను డబ్బా మరిచిపోయాడు. నవనీత బస్‌స్టాపు దాకా పరుగెత్తి అందించింది. తిరిగి నడిచి రావచ్చు కదా, పరుగెత్తుకుంటూనే వచ్చింది. వాకిట్లో నిలబడి ఆయాసపడుతూ నవ్వింది. పాప పుట్టినప్పటి నుంచి ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు.

మరునాడు డబ్బా మరవకపోయినా పరుగెత్తింది. పక్కింటి పెద్దమ్మ పళ్ళు తోముకుంటూ ఆపింది.

"పోలీసు నౌకరికానే?"

"కాదు పెద్దమ్మా."

"మరి షుగరొచ్చిందా?"

"లేదు."

"మరెందుకే ఉరుకుడు?"

"ఉత్తగనే."

"ఉత్తగ ఎవలన్న ఉరుకుతరా! కుక్క ఎంటబడ్డదా ఏంది?"

మనుషులు ఉత్తగ కూర్చుంటే ఎవరూ అడగరు. ఉత్తగ పరుగెత్తితే మాత్రం కారణం చెప్పాలి.

అత్త మొగులమ్మ ఏమీ అడగలేదు. మేకు మీద నుంచి నన్ను తీసి కోడలి చేతిలో పెట్టింది. "మీ మామ సీటీ. మెడల ఏస్కపో. ఏమన్నయితే ఊదు. పిల్ల నా తాన ఉంటది."

నవనీత నన్ను చింతపండుతో తోమింది. గుండు ఊడి పాప నోట్లోకి పోతుందేమోనని చెవి దగ్గర పెట్టుకుని పదిసార్లు ఆడించి చూసింది. అప్పుడే నాకు అర్థమైంది, ఈమె కూడా నాలాంటిదే, లోపల ఎప్పుడూ ఏదో ఆడుతూ ఉండే మనిషి.

నిజానికి నాకు ఊరు చూపించింది బస్సు కాదు, ఆమె. వానాకాలం నల్లరేగడి దారిలో మట్టి బూట్లకు అతుక్కుని ఒక్కో కాలూ ఒక్కో పిల్లను ఎత్తుకున్నంత బరువయ్యేది. అప్పుడు ఎర్రచెలకల మీదుగా పోయేవాళ్ళం, అక్కడ నీళ్ళు ఇంకి నేల గట్టిగా ఉంటుంది. ఎండాకాలం సూర్యుడు గుట్ట ఎక్కకముందే మేము ఎక్కి దిగేవాళ్ళం. మోదుగులు పూసినప్పుడు ఆమె ఆగి చూసేది. చలికాలం మంచులో నాలుగడుగుల అవతల ఏముందో కనిపించదు. ఆమె గుండె నా వీపు మీద దబదబ కొట్టుకునేది. దూరం పోయేకొద్దీ ఆ కొట్టుకోవడంలోంచి భయం పోయి ఉత్త పరుగు మిగిలేది. ఇంటి మలుపు తిరిగాక మళ్ళీ భయం వచ్చి చేరేది, పాప లేచిందేమో, ఏడ్చిందేమో అని.

జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో, అట్లాంటి మంచు పొద్దునే, వాగు దాటుతుంటే పాచి రాయి మీద ఆమె కాలు జారింది. మడమ మెలి తిరిగింది. లేవబోయి మళ్ళీ కూలబడింది. నడుము దాకా చల్లని నీళ్ళు. ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది.

నన్ను నోట్లో పెట్టుకుని ఊదింది. గట్టిగా, పొడుగ్గా, ఆపకుండా.

అవతలి ఒడ్డున జొన్నచేను. మంచె మీద బిచ్చప్ప అనే ముసలాయన పిట్టలను తోలుతున్నాడు. నా కూత విన్నాడు. విని ఏం చేశాడంటే, చేతిలోని రేకు డబ్బాను దడదడా వాయించాడు. నేను ఇంకా గట్టిగా కూశాను. ఆయన ఇంకా గట్టిగా వాయించాడు. "తోలుండ్రి, తోలుండ్రి! నా చేను మీదికే తోలుండ్రి!" అని ఎవరినో తిడుతున్నాడు. నా కూత ఆ చప్పుడులో మునిగిపోయింది.

నా భయం కంటే చెడ్డది జరుగుతోంది. విన్న మనిషి ఉన్నాడు, వినిపించకుండా చేస్తున్నదీ ఆయనే.

నవనీత ఊపిరి అయిపోయింది. ఏడుపు వచ్చింది. పాప లేచే వేళ. అప్పుడు ఏ దేవుడు గుర్తు చేశాడో, నన్ను మళ్ళీ నోట పెట్టి ఒక్కసారి, పొట్టిగా, గట్టిగా ఊదింది. ఆగింది. మళ్ళీ ఒక్కటి. ఆగింది. మళ్ళీ ఒక్కటి.

డబ్బా ఆగిపోయింది.

బిచ్చప్ప జీవితమంతా అనంతయ్య బస్సులో తిరిగిన మనిషి. హోల్డాన్ వినబడితే ఆయన చెయ్యి దానంతటదే ఆగింది. ఆగాక నా గొంతు చివరి జీర విన్నాడు. మంచె దిగి, జొన్నలను చీల్చుకుంటూ ఒడ్డుకు వచ్చాడు.

"ఎవలది? అనంతయ్య సీటీ గదా అది!"

"ఆయన కోడల్ని తాతా. కాలు విరిగినట్టుంది."

"అయ్యో బిడ్డా! పక్క చేనోళ్ళు కొత్తగ సీటీ కొన్నరనుకుంటి. చిలుకలన్ని నా మీదికి తోలుతున్నరని నేనింక గట్టిగ గొడ్తి. ముసలి తలకాయ, ఏం జేస్తం!"

భుజం ఇచ్చి ఒడ్డు ఎక్కించాడు. తన గొంగడి కప్పాడు. మంచె కింద ఉన్న పాత మోపెడ్ మీద వెనక కూర్చోబెట్టుకుని, స్టార్టు చేసి, అట్లాగే కూర్చున్నాడు.

"ఏంది తాతా, పోదాం."

"సీటీ ఊదకుంట బండెట్ల కదుల్తది?"

వణుకుతూ, ఏడుస్తూ, నవ్వుతూ ఆమె నన్ను రెండుసార్లు ఊదింది. రైట్ రైట్. నా బతుకులో అంత తీయటి కూత మరొకటి లేదు.

ఇంటి ముందు మొగులమ్మ పాపను చంకనేసుకుని నిలబడి ఉంది. పాప చేతిలో బిస్కెట్టు, మూతి నిండా పొడి, ఏడుపు జాడే లేదు. మొగులమ్మ కోడలి మడమకు పసుపు, సున్నం కలిపి పట్టు వేసి గుడ్డ చుట్టింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి నిలబడింది.

"ఇగ ఉరుకుడు బందే గదా మొగులమ్మా? చెప్తె ఇన్నదా నీ కోడలు?"

నవనీత తల వంచుకుంది. నేను ఆమె గొంతు కింద ఊపిరి బిగబట్టాను. ఎముక విరగలేదని మొగులమ్మ తడిమి చూసినప్పుడే తెలిసింది. పరుగు సంగతే తెలియాలి.

మొగులమ్మ గుడ్డ ముడి బిగించింది. "బస్సు ఒకపారి ఆగిందని రూటు బంద్ జేస్తరా?" అంది.

బెణుకు తగ్గాక మళ్ళీ అదే దారి. ఇప్పుడు ఆ రాయి మీద కాకుండా పక్క నుంచి దాటుతాం, ఫోను కూడా నడుముకు ఉంటుంది. వాగు దాటగానే నవనీత నన్ను రెండుసార్లు ఊదుతుంది. మంచె మీద నుంచి డబ్బా రెండు దెబ్బలు జవాబిస్తుంది. దాటాము అని మేము, విన్నాను అని ఆయన. అంతే ముచ్చట.

ఈ మధ్య పాపకు జ్వరం వచ్చింది. తగ్గిపోయింది, నిన్న అన్నం కూడా తిన్నది, ఏం భయం లేదు. కానీ నవనీత పరుగుకు పోక నేను మేకు మీదే ఉన్నాను. పొద్దున్నే మంచు చూస్తే నాకు బిచ్చప్ప గుర్తొస్తున్నాడు. చెవి ఇటు పెట్టి కూర్చుని ఉంటాడు, మాకేమైందోనని. ఆయన మెడలో విజిల్ లేదు. ఆ డబ్బా ఆగిపోతే ఎందుకు ఆగిందని అడిగేవాళ్ళు ఆ చేలల్లో ఎవరూ లేరు.

మీరు అటు వాగు దారిన పోతుంటే ఒక్కసారి మంచె దగ్గర ఆగండి. మేము బాగున్నామని చెప్పండి. ఆయన ఎట్లా ఉన్నాడో, పొద్దున ఏమన్నా తిన్నాడో లేదో కూడా అడిగి చూడండి.