చిన్నారావు బస్రాలో ఏం తిన్నాడు

మా ఆయన సూర్యం బస్రా నుంచి తిరిగివచ్చాక కొన్నాళ్ళపాటు మా రైల్వే క్వార్టర్ల లైన్లో ఆడవాళ్ళందరికీ మా వసారాయే కాలక్షేపమయింది. మొదటి యుద్ధం ఆగిన మరుసటేడు అది. అరబ్బుల దేశంలో పటాలం కోసం రైలుమార్గం వేయడానికి ఇక్కడి నుంచి మనుషుల్ని తీసుకెళ్ళారు. బిలాస్‌పూర్ రైలింజన్ల షెడ్డు నుంచి మా ఆయనా, రెండు క్వార్టర్ల అవతలి అప్పయమ్మత్త కొడుకు చిన్నారావూ ఒకే బండెక్కారు. చిన్నారావు రాలేదు. జబ్బుచేసి పోయాడని తంతి వచ్చింది, అంతే.

"మిడతల్ని తింతారట, నిజవేనా అన్నయ్యా?" అని అడిగింది పక్కింటి చిన్నతల్లి.

"తింతారు. కాళ్ళు తుంచీసి, ఉప్పు జల్లి ఏయించుతారు. పేలాల్లాగ కరకరమంటాయి."

"నువ్వూ తిన్నావేటి?"

"తిన్నాను. మీ వొదిన కూర కన్నా నయమే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఇంకా చెప్పేవారు. ఏటి ఒడ్డున చేపని వీపు వైపు చీల్చి, పుల్లలకి గుచ్చి మంట పక్కన నిలబెడతారట. రొట్టెని మట్టిపొయ్యి లోపలి గోడకి పిడకలా కొడతారట. ఖర్జూరంతో కాచిన సారా నీళ్ళలాగే ఉంటుందిగానీ, నీళ్ళు పోయగానే మజ్జిగలా తెల్లబడుతుందట. నల్లగా ఎండిన నిమ్మకాయలు మరిగించి టీ అని తాగుతారట.

అప్పయమ్మత్త చివర్న, స్తంభానికి ఆనుకుని కూర్చునేది. నవ్వేది కాదు. అందరూ వెళ్ళిపోయాక అడిగేది.

"ఆ చేప మావోడు తిన్నాడేటి బాబూ?"

"తిన్నాడత్తా. ఇష్టంగా తిన్నాడు."

"ఆ రొట్టో?"

"అదీ తిన్నాడు."

"అచ్ఛా," అని లేచి వెళ్ళిపోయేది. పిల్లాడికి అక్కడ తిండి దొరికిందన్న మాట ఒక్కటే ఆమెకు కావలసింది. ఆ ఒక్కటే నిజం కాదని మా ఆయనకు తెలుసు, నాకు తెలుసు. వచ్చిన రెండో రోజే, నేను బియ్యం ఏరుతూంటే, ఎదురుగా కూర్చుని చెప్పేశారు.

వాళ్ళు బయలుదేరిన రోజు నేనూ స్టేషన్లోనే ఉన్నాను. సముద్రం దాటే కొడుకుల చేత తల్లులు ఒట్టు వేయించుకోవడం మా వాళ్ళలో ఉంది. అప్పయమ్మత్త చిన్నారావు చేతిని లాగి తన నెత్తిన పెట్టుకుంది. "ఆవుమాంసం ముట్టనని సెప్పు. ముడితే నా సావు సూస్తావు," అంది. వాడు చెప్పాడు. నేను మా ఆయన చేత ఏ ఒట్టూ వేయించలేదు. పిల్లల్ని సముదాయిస్తూండగానే బండి కదిలిపోయింది. ఇంకాస్త ఆగి ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. ఆ సంగతి ఈ వయసులో కూడా తలచుకుంటూ ఉంటాను.

బస్రా దాటి ఎగువకి వెళ్ళాక వరదలొచ్చి పడవలు ఆగిపోయాయట. బియ్యం, పప్పు అయిపోయాయి. మిగిలినవి రాయిలాంటి బిస్కెట్లూ, రేకు డబ్బాల్లో మాంసమూ. అది దేని మాంసమో చదివి చెప్పేవాడు గుంపులో లేడు. ఆవుదేనని ఎవరో అన్నారు. మా ఆయన కళ్ళు మూసుకుని తిన్నారు. చిన్నారావు బిస్కెట్లు నానబెట్టుకుని తిన్నాడు. బిస్కెట్లలోనూ కొవ్వు కలుస్తుందని ఇంకెవరో అన్నారు. అవీ మానేశాడు. ఖర్జూరాలూ, ఏటి ఒడ్డున దొరికే ఆకులూ తిన్నాడు. విరేచనాలు పట్టుకున్నాయి. చిగుళ్ళు వాచి నెత్తురు కారేది. కాళ్ళు నల్లబడ్డాయి.

ఆస్పత్రి గుడారంలో వాడికి పాలడబ్బా కోశారు. డబ్బా మీద ఆవు బొమ్మ ఉంది. దాన్ని చూసి చిన్నారావు నోరు బిగించేశాడు. మా ఆయన ఒక గుక్క తాగి చూపించి, "పాలురా, ఒట్టి పాలు," అని బతిమాలారు.

"నువ్వు తినీసినావు," అన్నాడట చిన్నారావు. "ఇప్పుడు నన్నూ కలుపుకుందావని సూస్తన్నావు. ఒక్కడివీ చెడిపోనేక జత కావాలి నీకు."

పోయేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

"ముసల్దానికి తెలిస్తే బతకదు మంగా," అన్నారు ఆయన. "ఒట్టేయించుకున్నది తనే." తను డబ్బా తిన్న సంగతి కూడా బయటపెట్టనన్నారు. పెడితే కులంలో ఉండనివ్వరు.

సముద్రం దాటి వచ్చినవాడు కులపెద్ద ముందు నిలబడి, తినకూడనిది తినలేదని చెప్పి, పసుపునీళ్ళు జల్లించుకుని, అందరితో పంక్తిలో భోంచేయాలి. మా కులపెద్ద త్రినాథరావు షెడ్డులో మేస్త్రీ. ఒక ఆదివారం క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో ఆకులు వేశారు.

"తినకూడనిదేవైనా తిన్నావేటి సూర్యం?"

"నేదు మావా."

నీళ్ళు జల్లారు. ఆయన, చెరోపక్కా మా పిల్లలు, కూర్చున్నారు. ఆడవాళ్ళ వరసలో నేనూ, నా పక్కన అప్పయమ్మత్తా. అన్నం వడ్డించారు. అంతా సవ్యంగానే అయిపోయేది. త్రినాథరావు మావకి ఉత్సాహం వచ్చింది.

"మొన్న నాగపూర్లో బస్రా నుంచొచ్చిన గార్డొకడు సెప్పినాడు," అన్నాడు అందరికీ వినబడేలా. "మన చిన్నారావు తిండి మానీసి పోయినాడట గానీ ఒట్టు తప్పనేదట. అప్పయమ్మా, నీ కడుపు సల్లగుండ, కొడుకంటే ఆడు."

అప్పయమ్మత్త చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

"తిండి మానీసా?" అంది. అన్నది మా ఆయన వైపు తిరిగి. "సూర్యం, నా కొడుకు ఆకలితో పోయినాడేటి? నానేయించుకున్న ఒట్టుకేటి?"

మా చిన్నది ముద్ద నోట్లో పెట్టుకోబోతూ తండ్రి మొహం చూసింది.

"ఆ గార్డు కళ్ళతో సూసినోడు కాదత్తా," అన్నారు ఆయన. "చిన్నారావు తిన్నాడు. డబ్బాలో మాంసం. నానే పెట్టినాను. ఇద్దరం ఒక్క డబ్బాలోనే తిన్నాం."

"ఇందాక నేదన్నావు గదరా," అన్నాడు త్రినాథరావు.

"అబద్ధవాడినాను మావా."

ఎవరూ కేకలు వెయ్యలేదు. త్రినాథరావు లేచి వచ్చి మా ఆయన ముందున్న ఆకు మడిచి తీసేశాడు. తరవాత పిల్లల ఆకులు తీశాడు. చిన్నదాని గుప్పిట్లో అన్నం ఉండిపోయింది. దాన్ని కూడా విదిలించమన్నాడు. ఇక మాకు నిప్పు ఇచ్చేవాళ్ళుండరు, పిల్లనిచ్చేవాళ్ళుండరు, చచ్చిపోతే మోసేవాళ్ళుండరు. అది ఎవరూ చెప్పక్కర్లేదు.

"కడుపు నిండా తిన్నాడా?" అని అడిగింది అప్పయమ్మత్త.

"నిండా తిన్నాడత్తా. జొరవొచ్చి పోయినాడు."

ఆమె చెయ్యి కడుక్కుని మా వెనకే నడిచింది.

"అప్పయమ్మా, ఆళ్ళ గుమ్మం తొక్కితే నువ్వూ కులానికి ఎలివే," అన్నాడు త్రినాథరావు.

"నా కొడుకు ఆడితో కలిసి తిన్నాడంట. నానెక్కడ తింతాను మరి?" అంది ఆమె, ఆగకుండానే.

ఆ రోజు నుంచి ఆమె మా ఇంట్లోనే తింది. అది చూసి ఆమె మీద జాలిపడినవాళ్ళు ఉన్నారు. భోజనాల వేళ మా ఇల్లు ఎలా ఉండేదో వాళ్ళకి తెలియదు. ఆమె ముద్ద కలిపి, ఆ ముద్ద ఎత్తకుండా మా ఆయన్ని చూస్తూ కూర్చునేది.

"ఆ మాంసం ఎలగుండేది సూర్యం?"

"మెత్తగా ఉండేదత్తా. చుట్టూ నెయ్యిలాగ పేరుకునేది."

"మావోడు ఏటనేవోడు?"

ఆయన ఏదో చెప్పేవారు. అప్పుడు ముద్ద నోట్లోకి వెళ్ళేది. చెప్పకపోతే కంచం అలాగే వదిలేసి లేచిపోయేది. రోజూ రెండు పూటలా. ఆమె నమ్మిందో, నమ్మినట్టు ఉండడానికి ఆ మాటలు కావాలో నాకు తెలియలేదు. మిడతల గురించి నవ్విస్తూ చెప్పిన మనిషి మరే తిండి ఊసూ ఎత్తలేదు. సగం తిని లేచేవారు. పోనుపోను భోజనం వేళకి ఇంట్లో ఉండకుండా బండ్ల మీద డ్యూటీలు అడిగి వేయించుకునేవారు. బండి కూత వినబడితే, ఈసారి ఈ మనిషి తిరిగి రారేమోనని గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్ని.

అలాగే ఒక రోజు ఆయన కట్నీ వైపు బండి మీద వెళ్ళారు. అప్పయమ్మత్తకి వడ్డించాను. ముద్ద కలిపి కూర్చుంది.

"ఆయన్లేరత్తా, తినండి."

తినలేదు. అప్పటికి అంతకు ముందు పూట కూడా తినలేదు. మణికట్టు పుల్లలా ఉంది.

"నీకు సెప్పుంటాడు గదమ్మా," అంది. "ఆఖర్న మావోడు ఏటన్నాడు?"

వాడు ఆఖర్న ఏమన్నాడో నాకు తెలుసు.

"ఇంకొంచెం పెట్టమన్నాడట," అన్నాను.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది.