డిపాజిట్ చేసిన రైఫిల్

ఏప్రిల్‌లో ఓట్లు పడ్డాయి, మేలో ఫలితాలు వచ్చాయి. ఎన్నికలని డిపాజిట్ చేయించుకున్న ఏంజెలిన్ రైఫిల్ జూన్ నెలాఖరైనా ఇంకా పోలీస్ స్టేషన్‌లోనే ఉంది.

"ఆర్డర్ రాలేదు మేడమ్" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ రవిబాబు, ఆమె మెట్లెక్కకముందే.

"ఇంకా ఏ ఆర్డరండీ? ఎన్నికలైన వారానికి ఇచ్చేస్తామని మీ కాగితంలోనే రాశారు కదా."

"అది కింద ఊళ్లకి. మనది ఏజెన్సీ. అన్నలు తిరిగే సోట తుపాకీ సేతికిచ్చేస్తే, రేపేటైనా అయితే నా ఉజ్జోగం పోద్ది."

"పోనీ నూనె రాసుకోనివ్వండి. మీ కళ్లముందే రాస్తాను."

"డిపాజిట్ అయినది ముట్టుకోడానికి లేదండి."

బయట సన్నగా వాన మొదలైంది. మూడు నెలలుగా నూనె చుక్క తగలని ఇనుము ఆ తేమలో ఏమవుతోందో తలుచుకుంటూ ఏంజెలిన్ గొడుగు తెరిచింది. రావడం ఇది నాలుగోసారి.

ఆమె మొర్రిగుడ మిషన్ బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. విశాఖలో కాలేజీ చదువుతుండగా ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకుంది. పడుకుని యాభై మీటర్ల దూరంలోని అట్ట మీద నల్లటి చుక్కను కొట్టడం అంటే ఆమెకు ప్రాణం. ఉద్యోగం వచ్చాక సొంత రైఫిల్‌కి లైసెన్సు పెట్టుకుంటే మూడేళ్లు తిప్పారు. "ఆడమనిషివి, తుపాకీ ఎందుకమ్మా?" అని విచారణకొచ్చిన ప్రతివాడూ అడిగాడు. ప్రతివాడికీ సర్టిఫికెట్లు చూపించింది. రెండువేల సంవత్సరంలో చేతికొచ్చింది.

తీరా వచ్చాక అది ఆమె కొలత కాదు. భుజానికి ఆనే వెనక చెక్క, బట్, ఆరడుగుల మగవాడికి చేసింది. భుజానికి ఆనిస్తే చెయ్యి ట్రిగ్గర్‌కి అందదు, దవడ ఆనిస్తే కన్ను గురి చూసే సైటుకి అందదు. చెక్క మార్చుకోవచ్చు గానీ, ఇనప భాగం లైసెన్సు లేనివాళ్ల చేతికి ఇవ్వకూడదని షాపువాళ్లు గట్టిగా చెప్పారు. ఏంజెలిన్ గొట్టం బారెల్నీ, తూటా ఎక్కించే బోల్టునీ విప్పి బీరువాలో తాళం వేసి, ఒట్టి చెక్క పట్టుకుని డుంబ్రిగుడలో వడ్రంగి మంగ్లు దగ్గరికి వెళ్లింది.

మంగ్లు ఆమె తెచ్చిన అట్టముక్క కొలతలు చూసి నవ్వాడు. "ఇనప్ది సూపకుండా గాడి తియ్యమంటావేటి టీచరమ్మా? పిల్లని సూడకుండా జాకెట్టు కుట్టమన్నట్టుంది."

ఎనిమిది సంత రోజులు తిరిగింది. ఇంటికి తెచ్చి బిగించి చూడటం, నువ్వుగింజంత తేడా వచ్చి మళ్లీ బస్సెక్కడం. మంగ్లు విసుక్కున్నాడే గానీ వదల్లేదు. బట్ పొట్టిచేశాడు, దవడ ఆనే చోట ఎత్తు పెంచుకునే పలక అమర్చాడు. చివరికి ఇనుము చెక్కలో కూర్చుని రెండు స్క్రూలూ బిగిసిన రోజు ఏంజెలిన్ కళ్లు మూసుకుని దవడ ఆనించి, కళ్లు తెరిచింది. సైటు నేరుగా ఎదురుగా ఉంది.

తర్వాత నెలకోసారి కిరండోల్ పాసింజర్లో విశాఖ వెళ్లి, షూటింగ్ రేంజిలో కాల్చి వచ్చేది. మూడేళ్లకు ఆమె పేరు జిల్లాలో మొదటి అయిదుగురిలో కనబడింది. ఈ జూలై పదకొండు ఆదివారం నాటి పోటీలో గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు.

తొమ్మిదో తేదీ శుక్రవారం ఆర్డరొచ్చిందని కబురొస్తే స్కూలు నుంచి అలాగే పరుగెత్తింది. రవిబాబు గోనెపట్టా చుట్టిన రైఫిల్‌ని బల్ల మీద పెట్టాడు. పట్టా తడిగా ఉంది. విప్పేసరికి బారెల్ పొడవునా ఎర్రగా తుప్పు. బోల్టు కదల్లేదు. చెక్క ఉబ్బి గాడి దగ్గర చీలింది.

"గది గోడ కారతంది మేడమ్. మా రికార్డులే నానిపోనాయి. నానేటి సేసేది?" అని, అతను రిజిస్టరు ముందుకు జరిపాడు. "మంచి స్థితిలో ముట్టినదని సంతకం పెట్టండి."

"ఇది మంచి స్థితా?"

"అలా రాస్తేనే బయటికిత్తారు. కొట్టివేతలుంటే ఎస్సై సారు ఒప్పుకోడు. సారు మళ్లీ సోమారం గానీ రాడు."

పోటీ ఎల్లుండి. ఏంజెలిన్ పెన్ను తీసుకుని రిజిస్టరులో ఆ వాక్యం మళ్లీ చదివింది. తర్వాత సంతకం పెట్టింది. బయటికొచ్చి గేటు దగ్గర తనని తానే తిట్టుకుంది.

ఆ సాయంత్రమంతా, శనివారం పొద్దుటంతా తోమింది. కిరోసిన్‌లో నానబెట్టి బోల్టు కదిపింది. ఉబ్బిన చెక్కను గరుకు కాగితంతో రుద్దింది. పుల్‌త్రూ తాడుకి చిందీగుడ్డ కట్టి బారెల్లోంచి లాగితే, ఎన్నిసార్లు లాగినా గుడ్డ ఎర్రగానే వచ్చింది.

ఆదివారం మొదటి తూటా నల్లచుక్కకి ఎడమన పడింది. సైటు తిప్పింది. రెండోది కుడివైపు, మూడోది కింద. ఊపిరి సరిగ్గానే ఉంది, వేలు సరిగ్గానే ఉంది, తూటాలు మాత్రం వాటికి తోచిన చోటికి పోతున్నాయి. ముప్పై ఒక్కరిలో ఇరవైమూడో స్థానం. కోచ్ బారెల్‌ని వెలుతురుకి పట్టి చూశాడు. "లోపల గుంటలు పడ్డాయమ్మా. ఇది పోయింది. కొత్తది వెయ్యాల్సిందే." కొత్త బారెల్ అంటే మళ్లీ అర్జీ, మళ్లీ విచారణ, లైసెన్సులో మళ్లీ కొత్త నంబరు.

సోమవారం సెలవు పెట్టి స్టేషన్‌కి కాగితం రాసుకుని వెళ్లింది. డిపాజిట్ చేసేటప్పుడు ఆయుధం ఎలా ఉందో రశీదులో రాయాలని, నెలకోసారి శుభ్రం చేసుకోనివ్వాలని.

ఎస్సై చదివి తిరిగి ఇచ్చేశాడు. "మంచి స్థితిలో ముట్టిందని మీరే సంతకం పెట్టారు కదమ్మా."

"పెట్టాను. పెట్టకపోతే రైఫిల్ ఇవ్వం అన్నారు. అది కూడా రాశాను, రెండో పేజీ చూడండి."

ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు. ఆమె బెంచీ మీంచి లేవలేదు. మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తిరిగి, రవిబాబు ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. రెండు పేజీలూ చదివాడు. 'అందినది' అని ముద్ర కొట్టాడు. దాని కింద పెన్నుతో 'గది గోడ కారుట వాస్తవం' అని రాసి సంతకం పెట్టాడు.

"మీకు మాటొస్తుందేమో" అంది ఏంజెలిన్.

"వత్తాది. ఎల్లండి మేడమ్ బేగి, సారొచ్చేత్తాడు."

ఆ కాగితం నకలు పట్టుకుని ఆమె పాడేరు, విశాఖ ఆఫీసులకి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. కొత్త బారెల్‌కి అనుమతి పంతొమ్మిది నెలలకి వచ్చింది. అది పాత గాడిలో కూర్చోలేదు. మంగ్లు మళ్లీ ఇనుము చూడకుండానే చెక్కాడు. బిగించి రెండుసార్లు రేంజికి వెళ్లిందో లేదో, స్థానిక ఎన్నికలని డిపాజిట్ నోటీసు వచ్చేసింది. ఈసారి రశీదులో 'తుప్పు లేదు' అని రాయించుకుంది. నెలనెలా రెండో శనివారం శుభ్రం చేసుకోవచ్చని, ఆమె కాగితానికి జవాబుగా పైనుంచి ఒక్క వాక్యపు ఉత్తరం వచ్చింది.

రవిబాబుకి అప్పటికే బదిలీ అయింది. స్టేషన్ వరండాలో చాప మీద కూర్చుని ఏంజెలిన్ పుల్‌త్రూ లాగుతుంటే కొత్త కానిస్టేబుల్ పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"ఇంకా ఎంతసేపండీ?"

"గుడ్డ తెల్లగా వచ్చేదాకా" అంది, తలెత్తకుండా.