ముట్టినట్లు సంతకం

"నీకు నెలకు తొమ్మిది వేలు జీతం. అడిగితే, ఇస్తాండారని చెప్పు" అన్నాడు నారాయణప్ప, చింతపండు పిసుకుతున్న భార్య ముందు పన్నెండు రసీదులు పెట్టి. "పన్నువాళ్లొచ్చే లోపల సంతకాలు పెట్టేయ్. నీ జీతం ఖర్చులో చూపితే పన్ను తగ్గుతాది."

ఈశ్వరమ్మ పిసకడం ఆపి రసీదుల వైపు చూసింది. పుప్పాలగూడలోని ఆ వంటగది నుంచి రోజూ రెండు వందల భోజనం డబ్బాలు ఆఫీసులకు వెళతాయి. పోయిన నెల పక్కవీధి కర్రీ పాయింటు లెక్కలు పన్నువాళ్లు తిరగేసినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల బిల్లు లేకుండా ఎవరూ ఇడ్లీ కూడా అమ్మడం లేదు. ఈ రోజు తమ వంతు. ఆమెకు సంతకం వరకే వచ్చని మొగుడి నమ్మకం. డబ్బాల కింద పరిచే పాత పేపర్లు కూడబలుక్కుంటూ ఆమె ఎప్పుడో చదవడం నేర్చుకుంది. ప్రతి రసీదు మీదా 'వంటపనికి జీతం ముట్టినది' అని ఉంది. వంటపని నిజమే. ముట్టిందేమిటి? చీరకు డబ్బులడిగితే "కూర్చొని తినేదానికి చీరలెందుకు?" అన్న మాట ముట్టింది.

చేతులు కడుక్కునే లోపే పన్నుల ఆఫీసరు శ్రీలత వచ్చేసింది.

"అమ్మా, జర కూచోండి. మీరేం పని చేస్తరిక్కడ?"

ఈశ్వరమ్మ నోరు తెరిచేలోగా నారాయణప్ప అలవాటుగా నవ్వేశాడు. "ఆమెకేం పని మేడమ్? ఊరికే ఇంట్లో ఉంటాది."

"మరి ఈ జీతం దేనికి?" శ్రీలత రసీదులు చూపిస్తూ అడిగింది.

అతని మొహం మాడిపోయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా అనే మాటే. ఈసారి తన మెడకే చుట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి భార్య వైపు వేడుకోలుగా చూశాడు.

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. మూడున్నరకు లేచి బియ్యం కడగడం, కూరలు తరగడం, మసాలా నూరడం, డబ్బాలు సర్దడం, అవి తిరిగొచ్చాక జిడ్డు వదిలేదాకా తోమడం. చెబుతుంటే ఇంత పనా అని తనకే ఆశ్చర్యం వేసింది. శ్రీలత రాసుకుంటూ పోయింది. నారాయణప్ప ఊపిరి పీల్చుకున్నాడు.

"జీతం ముట్టిందా?"

అతను కళ్లతో సైగ చేశాడు. ఎప్పుడో, ఎదురు మాట్లాడిందని ఈశ్వరమ్మ అక్కను బావ కదిరి బస్టాండులో దింపేసి తాను బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అక్క ఎవరికీ కనబడలేదు. ముప్పై ఏళ్లుగా నోటిదాకా వచ్చిన ప్రతి మాటకూ ఈశ్వరమ్మకు ఆ బస్టాండే గుర్తొచ్చేది. ఇప్పుడూ గుర్తొచ్చింది. రసీదులను మొగుడి వైపు జరిపింది.

"లేదమ్మా" అంది. "పన్నెండు నెలలదీ బాకీ ఉండాది. ఇచ్చినాక పెడతా సంతకం."